ఏసీకి గ్యాస్ ఎన్నిసార్లు నింపించారు? ఒక ఇంటి కరెంటు లెక్క, కర్బన లెక్క

ఎక్కడ ఎంత కరెంటు, ఇంధనం ఖర్చవుతోందో లెక్కతీసే ఎనర్జీ ఆడిటర్‌గా నా పని చాలాకాలం రైసు మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీల్లోనే గడిచింది. ఇళ్లకు వెళ్లడం ఈమధ్య కొన్నేళ్లుగానే. వెళ్లిన ఇళ్లలో నా పద్ధతినే మార్చేసిన ఇల్లు ఇది. ఇంటివారి అనుమతితో రాస్తున్నాను. ఊరు చెప్పను, మనుషుల వివరాలు కొన్ని మార్చాను. మీటరు అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

ఇల్లు, మనుషులు

కోస్తా ఆంధ్రలో ఒక డెల్టా పట్టణం. కింద మూడు గదులు, మేడ మీద రెండు గదులున్న సొంత డాబా. రిటైరైన హైస్కూలు మాస్టారు, ఆయన భార్య, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసే కొడుకు, ఉద్యోగానికి వెళ్లే కోడలు, ఎనిమిదేళ్ల మనవరాలు. ఏసీలు రెండు. మేడ మీద గదిలో 2011లో కొన్న ఒకటిన్నర టన్నుల స్ప్లిట్, కింద పెద్దవాళ్ల గదిలో 2019లో కొన్న ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ. ఏడు ఫ్యాన్లు, పదిహేనేళ్లు దాటిన రెండు తలుపుల ఫ్రిజ్, 25 లీటర్ల గీజరు, ఒక హార్స్‌పవర్ బోరు మోటారు, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరు బ్యాటరీ. లైట్లన్నీ అప్పటికే ఎల్‌ఈడీలు.

నేను మొదటిసారి వెళ్లింది 2023 జూన్ చివర్లో. మృగశిర కార్తె దాటినా వాన జాడ లేదు. కొడుకు నన్ను పిలిచింది ఆడిట్ కోసం కాదు. డాబా మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించాలి, కొలతలు చూడమన్నాడు. “బిల్లు తగ్గాలి, మా ఇంటి వల్ల వాతావరణంలో కలిసే కర్బనం కూడా తగ్గాలి” అన్నాడు. రెండోమాట అంత స్పష్టంగా అడిగే ఇల్లు అరుదు. అందుకే పలకల కొలత పక్కనపెట్టి, ముందు ఏడాది బిల్లులు తీయమన్నాను. ఓటి కుండకు ఇంకాస్త పెద్ద కుళాయి బిగించే పని చేయడం నాకిష్టం లేదు.

బిల్లుల్లో కనిపించిందిది: వేసవి నాలుగు నెలలు నెలకు సగటున 620 యూనిట్లు, జులై నుంచి అక్టోబరు దాకా 430, చలికాలం 320. ఏడాదికి దాదాపు 5,480 యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ తయారీకి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, బొగ్గు వాటా అంత ఎక్కువ మరి. అంటే కరెంటు వల్ల ఏడాదికి 3.8 టన్నులు. వంటగ్యాస్ ఏడాదికి తొమ్మిది సిలిండర్లు. ఒక కిలో ఎల్‌పీజీ కాలితే 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి 14.2 కిలోల సిలిండరుకు దాదాపు 42 కిలోలు, తొమ్మిదింటికి 380. నా ఫారంలో ఈ రెండే గళ్లు ఉండేవి, కరెంటు, గ్యాస్. మొత్తం 4.2 టన్నులని రాసి, ఇంటి లెక్క తేలిందనుకున్నాను. తేలలేదు.

ఒక అనుమానం మాత్రం మొదటిరోజే వచ్చింది. చలికాలంలో ఏసీ ఉండదు, ఫ్యాన్లు అరకొర. అయినా 320 యూనిట్లు. ఆ అంకె దగ్గరే ఆగి ఉంటే మూడు నెలలు కలిసొచ్చేవి. వేసవి బిల్లు పెద్దది కదా అని దాని వెంట పడ్డాను.

మొదట చేసినవి

ఏసీ ఉష్ణోగ్రతతో మొదలుపెట్టాను. మేడ మీద ఏసీని 20 మీద నడుపుతున్నారు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పే లెక్క మా వృత్తిలో అందరికీ కంఠోపాఠం. 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీలు చూపాలన్న నిబంధన వెనక ఉన్న ఆలోచనా ఇదే. 26 పెట్టి ఫ్యాన్ వేసుకోమన్నాను.

రెండోది ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30. ఎక్కువసేపు తిరిగేవి నాలుగు, ఒక్కొక్కటి రోజుకు 12 గంటలు అనుకుంటే నెలకు 65 యూనిట్లు మిగలాలి. నాలుగూ మార్పించాను.

మూడోది కొడుకు అడిగింది. గ్యాస్ స్టవ్ తీసేసి ఇండక్షన్‌కు మారదామా అని. వద్దన్నాను. ఒక కిలో గ్యాస్ చేసే వంటకు ఇండక్షన్ మీద 8, 9 యూనిట్లు పడుతుంది. బొగ్గు కరెంటుతో అది దాదాపు 6 కిలోల కార్బన్ డయాక్సైడ్. అదే గ్యాస్ కాలిస్తే 3 కిలోలు. సోలార్ పెట్టాక, పగటి వంటకైతే లెక్క తిరగబడుతుంది, అప్పుడు చూద్దామన్నాను. ఈ కేసులో నేను మొదట తీసుకున్న నిర్ణయాల్లో నిలబడింది ఇదొక్కటే.

ఏం తప్పింది

సెప్టెంబరు బిల్లు వచ్చింది. కిందటేడు 430, ఇప్పుడు 395. నాలుగు ఫ్యాన్లకు పన్నెండు వేలు ఖర్చు పెట్టించి తగ్గించింది 35 యూనిట్లు.

ఫ్యాన్ల తప్పు తేలిగ్గానే దొరికింది. 75 వాట్లు అన్నది ఫుల్ స్పీడులో. వీళ్లు నడిపేది మూడు మీద. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు స్పీడుతోపాటు కరెంటునూ తగ్గిస్తుంది. తీసేసిన పాత ఫ్యాన్‌ను మళ్లీ తగిలించి కొలిస్తే మూడు మీద 45 వాట్లే ఉంది. కాగితం మీది అంకెను పట్టుకుని లెక్క వేశాను, ఇంట్లో వాడుకను కొలవలేదు. మిల్లులో ఏ మోటారు దగ్గరా ఈ తప్పు చేయను.

ఏసీ తప్పు ఇంతకన్నా లోతైనది. 20 నుంచి 26కు మార్చినా పైసా ఆదా కాలేదు. ఎందుకంటే గది ఏ రాత్రీ 28కి దిగలేదు. రిమోట్‌లో పెట్టిన అంకెకు గది చేరితేనే కంప్రెసర్ ఆగుతుంది. ఎన్నటికీ చేరని గదిలో 20 పెట్టినా 26 పెట్టినా ఒకటే, కంప్రెసర్ తెల్లవార్లూ నడిచింది. మెషిన్‌లోకి వెళ్లే గాలికీ బయటికొచ్చే గాలికీ తేడా పది, పన్నెండు డిగ్రీలు ఉండాలి. ఇక్కడ ఆరు, ఏడే ఉంది. ఆ కొలత తీయడానికి రెండు నిమిషాలు చాలు. థర్మామీటరు జూన్‌లోనే నా సంచిలో ఉంది. అందరికీ చెప్పే సలహానే ఈ ఇంటికీ చెప్పాను తప్ప, ఈ ఇంటి ఏసీని చూడలేదు. అప్పటికైనా ఆ తేడాకు కారణం వెతకాల్సింది. పాతబడింది కాబట్టి చల్లదనం తగ్గింది అని రాసుకుని ఊరుకున్నాను.

దారి చూపింది కోడలు. “రాత్రి అందరం పడుకున్నాక కూడా మీటరు మీద ఎర్ర లైటు కొట్టుకుంటూనే ఉంటుందండీ. అప్పుడెవరు వాడుతున్నట్టు?” అంది. జూన్‌లో నేను వదిలేసిన చలికాలపు 320 యూనిట్ల ప్రశ్నే అది.

రాత్రి లెక్క

ఏసీ వేయని ఒక వాన రాత్రి 11 గంటలకూ, పొద్దున్న 6 గంటలకూ మీటరు చూసి రాయమన్నాను. మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్, వైఫై. నా అంచనా ఒక యూనిట్ లోపు. వచ్చింది 2.6.

మర్నాడు వెళ్లి ఫ్రిజ్ ప్లగ్ తీయించి, ఇంట్లో స్విచ్చులన్నీ ఆపించాం. ఎర్ర లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది, 11 సెకన్లకు ఒకసారి. ఆ మీటరు మీద యూనిట్‌కు 3,200 ఇంపల్స్ అని రాసి ఉంది, అంటే లైటు 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. అలాంటి మీటరుకు ఒక చిన్న సూత్రం: 1,125ని రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. ఇక్కడ దాదాపు 100 వాట్లు. ఎవరూ ఏమీ వాడని ఇల్లు నెలకు 70 యూనిట్లు తాగుతోంది. మెయిన్ బోర్డులోని ఎంసీబీ స్విచ్చులు ఒక్కొక్కటే దించుతూ పోతే అందులో 60 వాట్లు ఇన్వర్టరు దగ్గర తేలాయి. బ్యాటరీ ముసలిదై, ఎంత ఛార్జ్ చేసినా నిండక, పగలూ రాత్రీ లాగుతోంది. మిగతాది ఏసీ స్టెబిలైజర్లు, సెట్‌టాప్ బాక్సు, మోడెం.

ఫ్రిజ్‌కు ప్లగ్ మీటరు పెట్టి మూడు రోజులు వదిలేశాను. రోజుకు 3.6 యూనిట్లు. డోర్ రబ్బరు ఒక మూల చిరిగింది, వెనక భాగం గోడకు ఆనుకుని ఉంది, పక్కనే పొయ్యి. కొత్తది కొందామన్నాడు కొడుకు. ఇక్కడ కాస్త ఆలోచించాను. కొత్త ఫ్రిజ్ రోజుకు యూనిట్ లోపే తీసుకుంటుంది, నిజమే. కానీ మన ఇళ్లలో పాత ఫ్రిజ్ బయటికి పోదు. మేడ మీదికి వెళ్లి, నీళ్ల సీసాలకూ పండగల పిండివంటలకూ అని నడుస్తూనే ఉంటుంది. అమ్మగారిని అడిగితే ఆవిడ ఆలోచనా అదే. రెండు ఫ్రిజ్‌లు నడిచే కంటే ఉన్న ఒక్కదాన్ని బాగుచేయడం మేలు. రబ్బరు మార్పించి, గోడకు జానెడు దూరం జరిపించి, పొయ్యికి అవతలి మూలన పెట్టించాం. 2.4 యూనిట్లకు దిగింది. కంప్రెసర్ పాడైన రోజున కొత్తది, అప్పుడు పాతది గుమ్మం దాటాల్సిందే అని ఒప్పందం.

అసలు ఊహించనిది బోరు మోటారు. ట్యాంకులో నీళ్లు తగ్గితే దానంతటదే ఆన్ అయ్యే కంట్రోలరు ఉంది. అర్ధరాత్రి మోటారు చప్పుడు వినబడుతోందని కోడలే చెప్పింది. నిద్రపోయే ఇంట్లో ట్యాంకు ఎందుకు ఖాళీ అవుతుంది? బట్టలకు పెట్టే నీలిమందు రెండు చుక్కలు మేడ మీది టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో వేయించాను. పావుగంటలో, ఎవరూ మీట నొక్కకుండానే, కింద నీలిరంగు నీళ్లు. లోపలి వాషర్ అరిగిపోయి సన్నని ధార ఆగకుండా కారుతోంది. దానికోసం మోటారు రోజుకు దాదాపు గంటన్నర అదనంగా నడుస్తోంది, నెలకు 45 యూనిట్ల దాకా. నీళ్లు పోవడం కనిపించలేదు, కరెంటు పోవడమూ కనిపించలేదు. వాషర్ ఖరీదు వంద రూపాయలు కూడా లేదు.

గీజరు సంగతి చిన్నదే. మాస్టారికి మోకాళ్ల నొప్పులు, ఏడాది పొడవునా వేడినీళ్లు కావాలి. ఆ స్విచ్ ఎప్పుడూ వేసే ఉంటుంది. స్నానానికి అరగంట ముందు వేసేలా టైమరు పెట్టించాం. ఆయన వేడినీళ్లలో ఒక్క చెంబు కూడా తగ్గించలేదు.

ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ వచ్చింది. డిసెంబరు బిల్లు 205 యూనిట్లు, కిందటేడు 320.

మార్చిలో వచ్చిన ఫోను

2024 మార్చి రెండోవారంలో కొడుకు ఫోన్ చేశాడు. మేడ మీద ఏసీ చల్లబడడం లేదట, మెకానిక్ వచ్చి గ్యాస్ నింపుతానంటున్నాడట. “ఏటా ఇదే టైముకు నింపిస్తాం కదా, ఈసారి కూడా నింపించమంటారా?” అని ఊరికే మాట వరసకు అడిగాడు.

ఏటా. ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నింపొద్దని చెప్పి వెంటనే బయల్దేరాను.

ఏసీలో గ్యాస్ అనేది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. ఈ పాత ఏసీలో ఉన్నది ఆర్-22. ఓజోన్ పొరను తినే గ్యాస్, 1987 మాంట్రియల్ ఒప్పందం కింద దశలవారీగా ఆపేస్తున్న రకం. వాతావరణాన్ని వేడెక్కించడంలో, వందేళ్ల కాలం మీద లెక్కవేస్తే, ఒక కిలో ఆర్-22 దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఇదంతా నాకు పాతికేళ్లుగా తెలుసు. కోల్డ్ స్టోరేజీలో గ్యాస్ ఎంత నింపారో అడగకుండా ఆడిట్ రిపోర్టు రాయను. ఇంటి దగ్గరికొచ్చేసరికి అడగలేదు. మీటరు తిరగదు, బిల్లు రాదు కాబట్టి నా ఫారంలో దానికి గడి లేదు. దేశాల ఉద్గారాల లెక్కల్లోనూ ఆర్-22 ఒక సందులో పడిపోయింది. మాంట్రియల్ ఒప్పందం చూసుకుంటుందని, ఉద్గారాలు తగ్గించాలన్న క్యోటో ఒప్పందపు గ్రీన్‌హౌస్ వాయువుల జాబితాలో దాన్ని చేర్చలేదు. ఆ సందే నా ఫారంలోకీ దిగింది.

మెకానిక్ మంచి పనివాడే. లీకు వెతుకుదాం అంటే కాదనలేదు. జాయింట్ల దగ్గర సబ్బునురగ పెట్టి చూస్తే బుడగలు రాలేదు. నైట్రోజన్ ఎక్కించి చూస్తే లోపలి యూనిట్ కాయిల్‌లో, ఒక చోట కాదు, నాలుగైదు చోట్ల సన్నగా కారుతోంది. రాగి గొట్టానికి సూదిబెజ్జాలు. ఒకటి అతికితే ఇంకొకటి తెరుచుకుంటుంది. ఆ మోడల్ కాయిల్ మార్కెట్లో లేదు. ఫ్రిజ్ విషయంలో బాగుచేద్దాం అన్న నేనే ఇక్కడ మార్చేద్దాం అన్నాను. ఫ్రిజ్ కరెంటు ఎక్కువ తింటోంది, అంతే. ఈ ఏసీ నింపిన గ్యాస్‌నంతా ఏటా గాల్లో కలుపుతోంది.

లీకు వెతకడానికి ముందే మిగిలిన గ్యాస్‌ను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. “వాల్వు తెరిస్తే పోతుంది సార్, అందరం అదే చేస్తాం” అన్నాడు మెకానిక్. అతని తప్పు కాదు. గ్యాస్‌ను వెనక్కి తీసే మెషిన్ అతని దగ్గర లేదు, తీసినందుకు ఎవరూ డబ్బులివ్వరు. ఏసీలు, ఫ్రిజ్‌లు పాత ఎలక్ట్రిక్ సామాన్లను ఎలా వదిలించుకోవాలో చెప్పే 2022 ఈ-వేస్ట్ నియమాల కిందికి వస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. అమలు మా వీధి దాకా రాలేదు. నాకు తెలిసిన ఒక కోల్డ్ స్టోరేజీ టెక్నీషియన్ దగ్గర రికవరీ మెషిన్ ఉంటే రెండు రోజులాగి అతన్ని పిలిపించాం. సిలిండరును ముందూ వెనకా కాటా మీద పెట్టి చూశాం. వచ్చింది 300 గ్రాములు. ఏసీ మీద రాసి ఉన్న పూర్తి గ్యాస్ పరిమాణం 1.1 కిలోలు. కిందటి మార్చిలో మెకానిక్ తూకం వేయలేదు, ప్రెషర్ చూసి నింపాడు కాబట్టి కచ్చితంగా ఇంతని చెప్పలేను. నిండుగా నింపాడనుకుంటే ఏడాదిలో పోయింది 0.8 కిలోలు.

0.8ని 1,800తో గుణిస్తే 1,440 కిలోలు. ఆ ఏసీ ఏడాది మొత్తంలో వాడిన కరెంటు నా అంచనాలో 1,350 యూనిట్లు, అంటే దాదాపు 950 కిలోలు. ఏసీ నడిచినందుకు వెలువడిన దానికంటే, కారినందుకు వెలువడింది ఎక్కువ. ఇలా మూడేళ్లుగా జరుగుతోందని పాత రసీదులు చెప్పాయి.

కొత్త ఏసీకి ముందు శ్లాబు

వెంటనే ఒకటిన్నర టన్నుల కొత్త ఏసీ తెచ్చి తగిలించడం సులువు. కానీ ఆ గది ఎందుకంత వేడిగా ఉంటుందో తేలాలి. రాత్రి తొమ్మిదింటికి సీలింగ్ కింద కొలిస్తే 39 డిగ్రీలు. పగలంతా కాగిన శ్లాబు ఆ వేడిని అర్ధరాత్రి దాకా గదిలోకి దింపుతోంది. జూన్‌లో నేను సలహా ఇచ్చిన 26 డిగ్రీలు ఆ సీలింగ్ కింద, సగం గ్యాస్‌తో నడిచే ఏసీకి అందే అంకె కాదు. డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పూత రెండు చేతులు వేయించాం. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే, మా తాతల కాలంలో మేడకు సున్నం కొట్టిందీ ఇందుకే. వారం తర్వాత అదే వేళకు 34.

అప్పుడు ఒక టన్ను సరిపోతుందని తేలింది. గ్యాస్ ఎంపిక దగ్గర కొంత తర్జనభర్జన పడ్డాను. ప్రొపేన్‌తో నడిచే ఏసీల్లో లీకైనా వాతావరణానికి దాదాపు నష్టం ఉండదు. కానీ అది మండే గ్యాస్, దాన్ని బాగుచేసే శిక్షణ ఉన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఆర్-32 అనే గ్యాస్‌కే మొగ్గాను. ఆర్-22తో పోలిస్తే దాని ప్రభావం మూడోవంతు కన్నా కొంచెం ఎక్కువ. లీకైతే ఇదీ హానే. అందుకే బిగించేటప్పుడు పక్కనే నిలబడ్డాను. గొట్టాల్లో గాలిని గ్యాస్‌తో ఊది బయటికి తోసేయకుండా వాక్యూమ్ పంపుతో లాగించాను, ఆ వాక్యూమ్ కొంతసేపు నిలిచిందని చూశాకే వాల్వు తెరవనిచ్చాను. నలభై నిమిషాల పని అది.

రెండో ఏడాది

2024 వేసవి నాలుగు నెలల సగటు 390 యూనిట్లు. నా లెక్క ప్రకారం ఇంకా వంద తగ్గాలి. తగ్గకపోవడానికి కారణం తెలుసు. బిల్లు తేలికయ్యాక కింద గదిలో మధ్యాహ్నాలు కూడా ఏసీ వేశారు. మాస్టారు కాస్త సంకోచంగా చెప్పారు, “నేనే వేసుకుంటున్నానండీ, ఇంజినీరు గారూ” అని. వేసుకోవాల్సిందే అన్నాను. బయట 43 డిగ్రీలున్నప్పుడు డెబ్బై దాటిన మనిషి మధ్యాహ్నం కునుకు తీయడం దుబారా కాదు. మిగిలిన యూనిట్లలో కొన్ని అలా ఖర్చయినందుకు నాకు సంతోషమే. 400 దాటితే యూనిట్‌కు 9 రూపాయల 75 పైసలు పడే శ్లాబులోకి వేసవిలోనూ పోకపోవడం ఇంటివారికి ఎక్కువ ఆనందం.

ఏడాది మొత్తం మీద 5,480 యూనిట్లు 3,460 అయ్యాయి. తగ్గిన 2,020 యూనిట్లకు కార్బన్ డయాక్సైడ్ 1.4 టన్నులు. ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు, బ్యాటరీ, గీజరు, డాబా పూత, కొత్త ఏసీ, ఇన్ని కలిస్తే వచ్చిన ఫలితం అది. ఒక్క కాయిల్ లీకు ఆగినందుకు తగ్గింది కూడా దాదాపు అంతే. నేను మొదట రాసిన 4.2 టన్నులు తప్పు. ఆ ఇంటి అసలు లెక్క 5.6 టన్నులు, అందులో నాలుగోవంతు ఏ మీటరుకూ చిక్కలేదు.

సోలార్ విషయానికి వస్తే, 5 కిలోవాట్లు అక్కర్లేదు, 3 చాలని రాసిచ్చాను. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. పైగా 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో గరిష్ఠ సబ్సిడీ, 78 వేలు, 3 కిలోవాట్ల దగ్గరే వచ్చేస్తుంది.

నా పద్ధతిలో మారినవి రెండు. ఏ ఇంటికి వెళ్లినా మొదట రాత్రి పదకొండుకూ పొద్దున్న ఆరుకూ మీటరు అంకెలు రాయించి గానీ సలహా మొదలుపెట్టను. ఫారంలో మొదటి ప్రశ్నగా “ఏసీకి గ్యాస్ ఎప్పుడు, ఎన్నిసార్లు నింపించారు?” అని చేర్చాను. ఏటా నింపించే ఇళ్లు నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ. మెకానిక్‌తో కూడా మాట్లాడాను. అతనూ ఇంకో ఇద్దరూ కలిసి ఒక రికవరీ మెషిన్ కొనుక్కుంటే ఎంతవుతుందో కనుక్కుని చెప్పాను. ఇంకా కొనలేదు. లీకు వెతికే పనికి వేరేగా మజూరీ ఇచ్చేవాళ్లు దొరికితే కొంటానంటున్నాడు, అందులో న్యాయముంది.

పోయిన నెల పొద్దున్నే మాస్టారు ఫోన్ చేశారు. ఫ్రిజ్ కంప్రెసర్ పోయిందట, కొత్తది సాయంత్రానికి వస్తుందట. “పాత సామాన్ల అబ్బాయి గేటు దగ్గరున్నాడు. కంప్రెసర్ పైపు కోసి తీసుకెళ్తానంటే వద్దని ఆపాను. దీన్లోనూ గ్యాస్ ఉంటుంది కదండీ, మీ సిలిండరు అబ్బాయి ఎప్పుడు రాగలడు?”